మొయినుద్దీన్ దగ్గర మిగిలిన నలభై ఒక్క నవలలు

తెలుగు అక్షరం ఒక్కటీ రాని మనిషి మా ఆదోనిలో వేల తెలుగు నవలలు కుట్టాడు. పేరు మొయినుద్దీన్. పుస్తకాలకు అట్టలు కట్టేవాడు. ఆయన గురించి రాయగలిగినవాణ్ణి ఊళ్ళో నేనొక్కణ్ణే మిగిలాను గనుక రాస్తున్నాను.

నేనెవరో కూడా చెప్పాలి. గూడూరు పక్క పల్లెలో ఎనిమిదో తరగతి దాకా చదివాను. ఆ చదువుతోనే ఇక్కడి పత్తి జిన్నింగు మిల్లులో ముప్పై ఆరేళ్ళు గుమాస్తాగా చేశాను. తొమ్మిది వందల పన్నెండు నవలలు చదివాను. చదివిన ప్రతిదాని పేరూ, ముగించిన తేదీ రాసి పెట్టుకున్నాను. మా వీధి గ్రంథాలయానికి రెండు బీరువాలు వచ్చింది నా అర్జీల మీదనే. ఇప్పటికి ఎనిమిది సన్మానాలు జరిగాయి. ఉన్నమాట చెప్పుకోవడంలో తప్పు లేదు. లక్ష్మీనారాయణ అంటే పాత బజారులో ఎవరైనా ఇల్లు చూపిస్తారు.

ఈ కాలం పిల్లలకు తెలియదు గనుక ఒక సంగతి వివరంగా చెప్తాను. అప్పట్లో నవల వారపత్రికలో వారానికి నాలుగైదు పేజీల చొప్పున వచ్చేది. ఇంటిల్లిపాదీ చదివాక ఆ పేజీలను మడత పడకుండా తీసి పరుపు కింద దాచేవాళ్ళు. ఏడాదికో, ఏడాదిన్నరకో నవల ముగిసేది. అప్పుడా కట్టను మొయినుద్దీన్‌కు ఇస్తే పుస్తకమై వచ్చేది. నవలలు కూడబెట్టే వాళ్ళకు నా సలహా ఇదే. కొట్లో దొరికే అచ్చు పుస్తకం ఎప్పుడైనా కొనుక్కోవచ్చు. కుట్టించిన సీరియలు కనబడితే మాత్రం వదలొద్దు. అందులో బొమ్మలుంటాయి. పుస్తకంగా వేసేటప్పుడు రచయిత్రి తీసేసిన ప్రకరణాలుంటాయి. అసలు పుస్తకంగానే రాని మంచి నవలలు డజన్ల కొద్దీ ఉన్నాయి. నా దగ్గరున్న నూట పద్నాలుగు సీరియళ్ళూ మొయినుద్దీన్ చేత్తో కుట్టినవే.

చదవడం రానివాడు వరస ఎలా పెట్టేవాడని అడుగుతారు. బొమ్మలు చూసి పెట్టేవాడు. కట్ట తెచ్చిన ఆడవాళ్ళను కథ చెప్పమని వినేవాడు. ఒకసారి నేను అక్కడే కూర్చుని ఉండగా సుభద్రమ్మ అనే టీచరమ్మ కట్ట తెచ్చింది. మొయినుద్దీన్ పేజీలు తిప్పి అన్నాడు.

"ఏమ్మా, ఈ పిల్ల రైల్లో కూసోని ఏడుస్తాండాది. మళ్ళా ఈడ చూస్తే పెండ్లిపీట మింద ఉండాది. నడాన ఒగ వారం యాడో పోయింది."

"పోలేదు సాయిబూ. మా మరిది ఆ వారం పత్రిక హొళగుంద బస్సులో మర్సిపోయినాడు."

"అయితే మీ మరిదినే ఆ నడాన కుట్టల్ల" అన్నాడు. ఆవిడ నవ్వింది. ఆ వారం సంచిక నా దగ్గరుంటే నేనే తెచ్చి ఇచ్చాను.

అట్ట మీదికి బట్ట ఎవరిది వాళ్ళే తెచ్చుకోవాలి. అది ఆయన పద్ధతి. పాత చీరలో జానెడు ముక్క తెచ్చేవాళ్ళు. మా ఇంటావిడ చీరలు ఆరు అలా నా పుస్తకాల మీద ఉన్నాయి. పొదుపు కోసం పెట్టిన పద్ధతి అనుకున్నాను. నలభై ఏళ్ళూ అలాగే అనుకున్నాను.

టీవీ వచ్చాక పని తగ్గింది. అంతకు ముందే కరువులు వచ్చాయి. ఎమ్మిగనూరులో మగ్గాలు ఆగిపోయి జనం సుగ్గికి పోయారు. సుగ్గి అంటే కూలి కోసం ఇల్లు వదిలి, గుంటూరు వైపు మిరపకాయలు కోయడానికి పోవడం. అలా పోయినవాళ్ళలో కొందరు ఇచ్చిన కట్టలకోసం తిరిగి రాలేదు. కొందరు చనిపోయారు. కొందరు మరిచిపోయారు. మొయినుద్దీన్ మాత్రం అన్నీ కుట్టి అలమరలో పెట్టాడు. నలభై ఒకటి మిగిలాయి. నెలకోసారి దించి ఎండ తగలకుండా గాలికి ఆరబెట్టేవాడు. పురుగు పట్టకుండా సందుల్లో వస కొమ్ములు పెట్టేవాడు.

"గ్రంథాలయానికి ఇచ్చేయ్, నీ పేరుతో బోర్డు పెట్టిస్తా" అని నేను చాలాసార్లు అన్నాను.

"నావయితే గదన్నా ఇచ్చేది. ఇవి అమానత్" అనేవాడు. ఒకరు నమ్మి మన దగ్గర ఉంచిన వస్తువును అమానత్ అంటారు. అది వాళ్ళకే చేరాలి. వాళ్ళు లేకపోతే వాళ్ళ బిడ్డలకు చేరాలి. చేర్చకుండా చచ్చిపోతే పైన జవాబు చెప్పుకోవాలని ఆయన గట్టి నమ్మకం. డెబ్బై దాటాక ఆయనకు ఇదొక్కటే దిగులైంది.

"ఎవరి పుస్తకం ఏదో చెప్పు, పేర్లు రాసి పెడతాను" అన్నాను.

"రాత నీకన్నా. నాకు నా గుర్తుండాది."

పోయిన సంవత్సరం ఆషాఢంలో ఇంటికొచ్చి అడిగాడు. "ఎమ్మిగనూరు పోదాం రాన్నా. ఆడ పదైదు ఇండ్లు వెతకల్ల. నీకు మాట తెలుసు, నలుగురూ తెలుసు. నువ్వుంటే పని అయితాది."

"నా సన్మానం ఉంది, అది కానియ్యి" అన్నాను.

సన్మానం జరిగిన నాలుగో రోజు మొయినుద్దీన్ స్నానానికి పోయి పడిపోయాడు. పక్షవాతం. కర్నూలు ఆసుపత్రికి తీసుకుపోతూ ఆయన భార్య రసూల్‌బీ అలమర తాళం నా చేతిలో పెట్టింది.

"అన్నా, ఆ గది ఉరుస్తాండాది. ఆయన అమానత్‌ను జర చూసుకో. ఆ మనిషి పానం వాటి మిందనే ఉండాది."

పోయి అలమర తెరిచాను. ఆ వానలకు గోడ తేమ పాకి బట్టలకు బూజు పట్టింది. చీరముక్కలు చివికి, రంగులు ఒకదాని మీదికొకటి దిగి ఉన్నాయి. పేర్లు ఎక్కడైనా ఉన్నాయేమోనని ప్రతి పుస్తకం మొదటి పేజీ, చివరి పేజీ చూశాను. ఎక్కడా లేవు. చూస్తూ ఊరుకునే మనిషిని కాను. ప్రెస్సు నడిపే ఈరేష్‌ను పిలిపించాను. బూజు కాగితానికి పాకకముందే పాత అట్టలన్నీ తీసేయించి, కొత్త అట్టలు వేయించి, మీద ఎర్ర క్యాలికో గుడ్డ అంటించాను. వీపు మీద బంగారు అక్షరాలతో నవల పేరు, రచయిత పేరు, వరస సంఖ్య. ఒకటి నుంచి నలభై ఒకటి. నా దస్తూరీతో ఒక పట్టిక తయారు చేశాను. ఏ నవల ఏ వారపత్రికలో ఏ సంవత్సరం వచ్చిందో అందులో ఉంది. అలాంటి పట్టిక జిల్లాలో మరొకరి దగ్గర ఉండదని ఇప్పటికీ చెప్పగలను. అలమర తెరిస్తే పెళ్ళిపందిరి చూసినట్టుండేది. మొయినుద్దీన్ వచ్చి చూసి ఎంత సంతోషపడతాడో అని రోజులు లెక్కబెట్టాను.

నెలన్నరకు ఇంటికి తెచ్చారు. ఎడమ చెయ్యి, కాలు పడిపోయాయి. మాట ముద్దగా వచ్చేది. మంచం అలమరకు ఎదురుగా వేయించి తలుపులు తెరిచాను.

చాలాసేపు చూశాడు. తరువాత కుడి చెయ్యి చాపాడు. ఒక పుస్తకం ఇచ్చాను. బొటనవేలితో వీపు మీద పైకీ కిందికీ రుద్దాడు. వాసన చూశాడు.

"ఇది… ఎవురిదన్నా?"

నవల పేరు చదివి చెప్పాను. తల అడ్డంగా ఊపాడు.

"ఎవురిది?"

నా పట్టిక తెచ్చి ఆయన ముందు పెట్టాను. "బట్ట యాడ?" అన్నాడు. బూజు సంగతి చెప్పాను. కళ్ళు మూసుకున్నాడు. అలసిపోయాడనుకున్నాను. రసూల్‌బీ మాత్రం తలుపు దగ్గర కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నిలబడింది.  

వారం తిరగకముందే ఎమ్మిగనూరు నుంచి దేవక్క వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. నూలు కండెలు చుట్టే పని. సాయిబుకు బాగాలేదని ఎవరో చెప్పగా విని, పనికి సెలవు పెట్టి వచ్చింది. నేను అప్పుడు అక్కడే ఉన్నాను.

"మామా, నేను ఈరమ్మ కూతుర్ని. మా యమ్మ సుగ్గికి పోయేముందు నీకొగ కట్ట ఇచ్చిన్యాది. ఆడనే జొరమొచ్చి సచ్చిపాయ. పోయినేడు పెట్టె సదురుతాంటే ఇది దొరికె."

సంచిలోంచి ఒక గుడ్డముక్క తీసింది. నీలం చీరముక్క, అంచుకు రెండు పసుపు గీతలు. ఒక పక్క కత్తెరతో వంకరటింకరగా కోసి ఉంది.

"సగం పుస్తకానికి, సగం ఇంటికి అని నువ్వే కోసిచ్చినావంట గదా. ఇది తెచ్చి చూపిస్తే పుస్తకం ఇస్తావని మా యమ్మ సెప్పిన్యాది."

అప్పుడు తెలిసింది నాకు. బట్ట పొదుపు కాదు, రసీదు. చదవడం రానివాడు పెట్టుకున్న రసీదు. నా పుస్తకాలు నేను పక్కన కూర్చుని కుట్టించుకుని చేతపట్టుకునే పోయేవాణ్ణి. నాకు రసీదు ఎప్పుడూ అవసరపడలేదు.

"నవల పేరేంటమ్మా?" అని అడిగాను.

"నాకేం తెలుస్తాది పెద్దాయనా. నేను సదువుకోలేదు. మా యమ్మ రాత్రిబడికి పోయి నేర్చుకున్యాది. కండెలు చుడతాంటే మా అందరికీ సదివి వినిపిస్తాండె."

"కథైనా గుర్తుందా?"

ఆలోచించింది. "ఒగ పిల్ల. వాళ్ళ నాయన మాట ఇనకుండా రైలెక్కి పోతాది. పోయి టీచరైతాది. ఇంగొగ ఆయప్ప ఉత్తరాలు రాస్తాంటాడు."

పట్టిక తీశాను. ఆ నలభై ఒక్క నవలలూ నాకు కంఠతా వచ్చు. ఆ కాలం నవలల్లో సగం మంది అమ్మాయిలు రైలెక్కినవాళ్ళే. ఉత్తరాలు రాయని మగవాడు లేడు. వెతగ్గా వెతగ్గా తొమ్మిది తేలాయి. ఒక్కొక్కటి తీసి మొదటి పేజీ చదివి వినిపించాను. దేవక్క ప్రతిదానికీ "ఇదే మాదిరుండాది" అంటుంది. తరువాతది చదివితే "ఇదీ అట్లే ఉండాది" అంటుంది. బొమ్మలు చూపించాను. అన్నిట్లోనూ అదే పెద్ద కళ్ళ అమ్మాయి, అదే వాలుజడ.

ఈరేష్‌కు ఫోన్ చేశాను. "ఆ పాత అట్టలు, బట్టలు ఏమైనా మిగిలాయా?"

"యాడ సార్. బూజు పాకుతాది, కాల్చెయ్యమని మీరే గదా సెప్పిరి. దగ్గరుండి కాల్పిస్తిరి."

నిజమే. దగ్గరుండి కాల్పించాను.

చివరికి దేవక్కతో అన్నాను. "ఈ తొమ్మిదిట్లో నీకు నచ్చింది తీసుకుపో తల్లీ. కాదంటే తొమ్మిదీ తీసుకో. నేను చెప్తున్నాను."

"నువ్వెట్ల సెప్తావన్నా" అన్నాడు మొయినుద్దీన్. ఆ మాట ముద్దగా రాలేదు. "ఆయమ్మది ఒగటే. తక్కినెనిమిదీ ఇంగోళ్ళవి."

"వాళ్ళు ముప్పై ఏళ్ళుగా రాలేదు కదప్పా."

"ఈయమ్మ రాలేదా?"

దేవక్క నా వైపు చూసి అంది. "వద్దులే పెద్దాయనా. ఇంగొగరిది తీసుకపోయి మా యమ్మదే అని ఎట్ల పెట్టుకుంటా."

మొయినుద్దీన్ చెయ్యి చాపాడు. దేవక్క చీరముక్క ఇచ్చింది. పుస్తకాలు మంచం మీద పెట్టమన్నాడు. నలభై ఒకటీ తెచ్చి పెట్టాను. ఒక్కొక్క పుస్తకం దగ్గరికి లాక్కుని, ఎర్ర గుడ్డ మీద ఆ నీలం ముక్క పరిచి చూశాడు. కోసిన అంచు ఎటు వంకర పోయిందో వేలితో తడిమాడు. పక్కన పెట్టి ఇంకోటి లాక్కున్నాడు. బంగారు అక్షరాల మీద పరిచాడు. పుస్తకం తిప్పి వెనక పరిచాడు. ఏమీ కనబడదని ఆయనకూ తెలుసు. మాకూ తెలుసు. ఎవరమూ ఆపలేదు. రసూల్‌బీ టీ తెచ్చింది, అది చల్లారింది. ఎన్నో వేదికల మీద గంటలు గంటలు మాట్లాడినవాణ్ణి, ఆ మంచం పక్కన నిలబడి పుస్తకాలు అందించడం తప్ప ఇంకేమీ చేయలేకపోయాను.

ముప్పై దాటాక దేవక్క మెల్లగా అంది. "బస్సుకు టైమైతాంది మామా."

ఆయన ఆగలేదు. మిగిలినవి కూడా చూశాడు. నలభై ఒకటోది పక్కన పెట్టి చీరముక్కను కుడి చేత్తోనే నాలుగు మడతలు పెట్టాడు. మడత సరిగ్గా రాకపోతే విప్పి మళ్ళీ పెట్టాడు. దేవక్కకు చాపాడు.

"నీ కాడనే పెట్టుకోమ్మా" అన్నాడు. "నీ సొమ్ము ఇంగా నా కాడే ఉండాది."

ఆమె ఆ ముక్కను సంచిలో పెట్టుకుని బస్టాండుకు నడిచింది.