సత్తిబాబు మళ్ళీ వరసలోకి వచ్చిన రోజు

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది, మే నెల. మండపేట దగ్గర ఒక రైస్ మిల్లులో నేను ఊడ్పు పనీ, ముఠా వాళ్ళకి మంచినీళ్ళు అందించే పనీ చేస్తున్నాను. దాళ్వా ధాన్యం, అంటే రెండో పంట, వచ్చిపడే రోజులు. మిల్లు వాకిట్లో లారీ వెనక లారీ.

ముఠా అంటే బస్తాలు మోసే మగవాళ్ళ జట్టు. గోడౌనులో బస్తా వీపు మీదికి తీసుకోవడం, వాలుగా వేసిన బల్ల మీదుగా లారీ ఎక్కడం, పడేసి దిగడం, మళ్ళీ గోడౌను. అంతా ఒకరి వెనక ఒకరు. లారీ నిండేదాకా ఎవరూ వరసలోంచి పక్కకి రాకూడదు. ఒకడు ఆగితే వెనకున్నవాడు బరువుతో బల్ల మీదే నిలబడిపోతాడు. అందుకని వరసలో నిలవలేనివాడికి ముఠాలో చోటుండదు.

సత్తిబాబు ఆ ముఠాలో ఎన్నదగ్గ మోతగాడు. శివరాత్రి వెళ్ళాక పచ్చకామెర్లొచ్చి మంచాన పడ్డాడు, ఎండలు ముదిరేదాకా లేవలేదు. ఈలోగా అతని చోటులో ఇంకొకణ్ణి పెట్టారు. ఇక వాడినే ఖాయం చేస్తారని మాట పుట్టింది. అది చెవిన పడగానే సత్తిబాబు తలకి తువ్వాలు చుట్టుకుని పనిలోకి వచ్చేశాడు.

"డాక్టరు గారు నెమ్మదిగా మొదలెట్టమన్నారంట కదయ్యా" అన్నాను.

"బస్తాకి నెమ్మదేంటి పిన్నీ? ఎత్తితే ఎత్తినట్టు, లేకపోతే లేనట్టు" అని నవ్వాడు.

మేస్త్రి వీర్రాజు గారు అతన్ని ఎగాదిగా చూశారు. "చెమట పట్టనీరా. మిగిలిన జబ్బేదన్నా ఉంటే దాంతోనే దిగిపోద్ది" అన్నారు. మేమందరం అలాగే అనుకునేవాళ్ళం.

మొదటి లారీ బాగానే నిండింది. రెండో లారీకి ఎండ నెత్తి మీదికొచ్చింది. సత్తిబాబు నల్ల బనీను మీద తెల్లగా ఉప్పు చారలు కట్టాయి. తక్కినవాళ్ళకి అంత లేదు. చెంబు అందిస్తే, "లారీ అవ్వనీ పిన్నీ" అన్నాడు. నీళ్ళతో కడుపు బరువెక్కితే బల్ల మీద అడుగు తడబడుతుందని వాళ్ళ నమ్మకం.

కాసేపటికి బస్తాతో బల్ల ఎక్కకుండా తిన్నగా గేటు వైపు నడిచాడు.

"ఒరేయ్, లారీ ఇటుంది! బస్తాని లేవదీసుకుపోతున్నావేంట్రా?" అని వెనకవాడు అరిచాడు.

సత్తిబాబు ఆగి, మేస్త్రి గారిని చూసి, "మావయ్యా, పడవొచ్చిందా?" అన్నాడు. అందరూ పకపకా నవ్వారు. "యానాం సరుకు బాగానే పనిచేస్తందండోయ్!" అన్నాడొకడు.

మేస్త్రి గారికి మాత్రం కోపమొచ్చింది. "కామెర్లొచ్చి లేచినోడివి, మళ్ళీ మందా? సిగ్గులేదురా? పోయి పడుకో, దిగాక మాట్లాడదాం" అని ఊక షెడ్డులోకి పంపేశారు. పైన రేకుల కప్పు. మళ్ళీ వరస కదిలింది.

లారీ నిండాక నీళ్ళు తీసుకుని నేను షెడ్డుకి వెళ్ళాను. సత్తిబాబు ఒక పక్కకి పడి ఉన్నాడు, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటున్నాయి. ఒంటి మీద చెమట ఇంకా తడిగానే ఉంది, నుదురు మాత్రం పెనంలా కాలుతోంది. నోటి దగ్గర ముక్కు పెట్టి చూశాను. ఏ వాసనా లేదు.

"మేస్త్రీ గారూ! వీడు తాగలేదండీ! ఒళ్ళు కాలిపోతందండీ!"

కుళాయి కిందికి మోసుకెళ్ళి నీళ్ళు పోశాం. ఆటోలో పెద్దాసుపత్రికి చేర్చాం.

అక్కడి డాక్టరమ్మ దాన్ని హీట్ స్ట్రోక్ అన్నారు. కష్టపడే ఒంట్లో పుట్టిన వేడి బయటికి పోక మెదడుని దెబ్బతీయడమట. "రోజూ ఎండలో మోసేవాడి ఒంటికి ఒక అలవాటు పడుతుందమ్మా. చెమట ముందే మొదలవుతుంది, అందులో ఉప్పు ఎక్కువ పోదు, గుండెకీ భారం తగ్గుతుంది. కొన్ని వారాలు మంచంలో ఉంటే ఆ అలవాటు పోతుంది. మళ్ళీ రోజుకి కొంచెం చొప్పున పెంచుకోవాలి. ఆ పిచ్చిమాటలు తాగుడువి కావు, వేడివి. అప్పుడే నీళ్ళు కుమ్మరించి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదేమో" అన్నారు.

సత్తిబాబు కండలు లోపల చితికి, ఆ చెత్త కిడ్నీలకి అడ్డం పడిందట. మూత్రం టీ డికాక్షన్ రంగులో వచ్చింది. డయాలసిస్, అంటే మిషనుతో రక్తం శుభ్రం చేయడం, అదీ పెట్టారు. ఆ వారం దాటలేదు.

శవం ఇంటికి రాకముందే, తాగి పోయాడన్న మాట ఊళ్ళోకి చేరింది. అతని భార్య నాగమణి నా చెయ్యి పట్టుకుంది.

"పిన్నీ, జబ్బు చేసిన కాణ్ణించీ ఆయన చుక్క ముట్టలేదు. నువ్వు నోరు వాసన చూశావంట కదా. ఈళ్ళందరికీ చెప్పు."

చెప్పాను. ఏడుస్తున్నవాళ్ళ మధ్య గట్టిగా చెప్పాను. మేస్త్రి గారు తలెత్తలేదు. "తాగాడన్నది నేనేనమ్మా" అని మాత్రం అన్నారు.

ఇప్పుడు మా మిల్లులో జబ్బు నుంచి లేచి వచ్చినవాడు ముందు బస్తాల మూతులు కుడతాడు. తర్వాత లారీ విడిచి లారీ మోస్తాడు. అతని చోటు అతనికే ఉంటుంది. లారీ నిండకపోయినా నీళ్ళు తాగుతారు. ఎండలో ఎవడైనా తిక్కగా మాట్లాడితే నేను ఎవరినీ అడగను, బకెట్టు ఎత్తి తల మీద కుమ్మరించేస్తాను.

మొన్నీమధ్య ఒకడు నిజంగానే తాగొచ్చాడు. నీళ్ళు పోస్తే లేచి నన్ను నానా తిట్లూ తిట్టాడు. చెంబు పట్టుకుని అవన్నీ వింటూ నిలబడ్డాను. సత్తిబాబు కూడా అలా తిట్టి ఉంటే ఎంత బాగుండేది అనిపించింది.