బావ కంప్యూటర్‌లో మొలవని గడ్డి

మొన్న విజయనగరంలో ల్యాప్‌టాప్ కొందామని ఓ షాపుకి వెళ్ళాను. నాకు కావలసింది ప్రశ్నపత్రాలు టైపు చేసుకోవడానికి ఒక మామూలు వస్తువు. ఆ మాట చెబితే షాపతను వినడే. నన్ను తీసుకెళ్ళి ఓ పెద్ద తెర ముందు నిలబెట్టి, అందులో ఏదో ఆట పెట్టి, "గడ్డి సూడండి మేడమ్, ఏ పరకకి ఆ పరక ఊగుతాది" అన్నాడు. నిజమే, ఊగుతోంది. గాలికి ఒంగుతోంది, మనిషి నడిస్తే పక్కకి తప్పుకుంటోంది. చూసినవాళ్ళు ముచ్చట పడాలి కాబోలు. నేను మాత్రం మొహం తిప్పేసుకున్నాను. కంప్యూటర్‌లో గడ్డి అంటే నాకంత రోత. ఎందుకో అతనికి చెప్పే ఓపిక లేక ధరైనా అడక్కుండా బయటికొచ్చేశాను.

బీఎడ్ చదివే రోజుల్లో, అంటే 2010 దాటిన కొత్తలో, ఆమదాలవలసలో అక్కా బావల ఇంట్లో ఉండేదాన్ని. బావ రైస్ మిల్లులో సూపర్‌వైజరు. పేరుకి సూపర్‌వైజరే గానీ, మిల్లు యజమాని కొడుకు, బావకంటే పదేళ్ళు చిన్నవాడు, లారీవాళ్ళందరి ముందూ "ఒరే" అని పిలిచేవాడు. శ్రీకాకుళంలో ఎవరో కంప్యూటర్ ఇన్‌స్టిట్యూట్ ఎత్తేస్తుంటే, అక్కడ పనికొచ్చేవన్నీ పనికొచ్చేవాళ్ళు పట్టుకుపోయాక, మిగిలినదాన్ని బావ పట్టుకొచ్చాడు. అది కంప్యూటరని తెలియాలంటే ఎవరైనా చెప్పాలి. పెట్టెకి పక్క రేకు లేదు. లోపల వైర్లూ, దుమ్మూ, ఓ మూల బల్లి గుడ్లూ బాహాటంగా కనిపించేవి. కీబోర్డు తిరగేసి దులిపితే జంతికల నలుసులు రాలేవి, మళ్ళీ దులిపితే మళ్ళీ రాలేవి. అవి మా ఇంట్లో వండిన జంతికలు కూడా కావు. ఎవరి ఎంగిలో తలుచుకుంటేనే నాకు వాంతి వచ్చేది. దాన్ని తీసుకొచ్చి ముందు గదిలో, వచ్చినవాళ్ళందరికీ కనబడేలా పెట్టాడు మహానుభావుడు.

ఇక దాని సేవలు. పావుగంట నడిస్తే చాలు, వేడెక్కి ఆగిపోయేది. అందుకని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క టేబుల్ ఫ్యాను దానికి అంకితం. పక్క రేకు లేని వైపు ఫ్యాను తిప్పిపెట్టి, మెడ ఊగకుండా తాడుతో కట్టేశాడు. మే నెలలో మేము ముగ్గురం చెమటలు కక్కుకుంటూ ఉంటే, ఆ డబ్బా మాత్రం చల్లగాలికి కూర్చునేది. గదంతా కాలిన దుమ్ము వాసన, దానికి తోడు బొద్దింకల వాసన. అక్క వంటింట్లోంచి వచ్చి ఫ్యాను కాస్త తనవైపు తిప్పుకుంటే, లోపలినుంచి 'కీ' మని ఏడుపు మొదలెట్టేది. చంటిపిల్ల ఏడ్చినా అంత కంగారుగా లేవడనుకుంటాను, బావ అలా లేచేవాడు. నాకొచ్చిన ఒళ్ళుమంట ఇంతా అంతా కాదు.

ఇదంతా దేనికయ్యా అంటే, ఓ ముసలి ఆట కోసం. ఇంటర్నెట్‌లో ఎక్కడెక్కడివాళ్ళో కలిసి, రెండు జట్లుగా చీలి, ఒకళ్ళనొకళ్ళు వేటాడుకునే యుద్ధం ఆట. అప్పటికే దాన్ని చాలామంది వదిలేశారు. ఆ డబ్బా మీద నడిచేది అదొక్కటే గనక బావ వదల్లేదు. అదైనా ఊరికే నడవలేదు. ఆటలో నీడలు తీసేశాడు. నీళ్ళు తీసేశాడు, చెట్ల ఆకులు తీసేశాడు. బొమ్మని పోస్టుకార్డంత చేశాడు. అలా ఒక్కొక్కటే పీకుతూ పోగా మిగిలింది మట్టిరంగు నేల, దాని మీద ఇడ్లీల్లాంటి మొహాలతో తిరిగే మనుషులు. ఆదివారం చర్చిలో ఆరాధన అయిపోగానే, అందరి దగ్గరా తను తిప్పి డబ్బు పోగుచేసిన కానుక సంచి పాస్టరుగారి బల్ల మీద పెట్టి, ఎవరితోనూ మాట్లాడకుండా పరుగున ఇంటికొచ్చి కూర్చునేవాడు. ఒకసారి పక్కన నిలబడి చూశాను. శత్రువులట, ఖాళీ నేల మీద అక్కడొకడు, ఇక్కడొకడు గొంతుక్కూర్చుని ఉన్నారు. కోతలైపోయిన పొలంలో చెంబులు పట్టుకుని కూర్చున్నవాళ్ళలా ఉన్నారు. బావ ఒక్కొక్కణ్ణీ కాల్చేస్తున్నాడు. వీళ్ళింత తెలివితక్కువగా ఎందుకు కూర్చున్నారని అడిగాను. తెలివితక్కువవాళ్ళు కాదనీ, తన చూపే అంత గట్టిదనీ చెప్పి కాలరు సవరించుకున్నాడు.

నిజంగానే ఆ జట్టులో బావకి పెద్ద పేరుండేది. విశాఖపట్నం, హైదరాబాదు, దుబాయి, ఎక్కడెక్కడి తెలుగువాళ్ళో ఉండేవారు. చెవులకి పెట్టుకునే హెడ్‌ఫోను విరిగిపోతే ప్లాస్టరు చుట్టి వాడేవాడు బావ. అందులోంచి అందరూ "అన్నగారూ, ఎటు వెళ్ళమంటారు?" అని అడగడం నాకు బయటికే వినిపించేది. గారు. ఆ మాట విన్నప్పుడు బావ వీపు నిటారుగా అయ్యేది. మిల్లులో ఒరే అనిపించుకుని వచ్చిన మనిషికి ఆ రెండక్షరాలే కావాలి. అది తెలిసే అక్క చెమటలు కక్కుతూ కూడా ఫ్యాను పూర్తిగా లాక్కోలేదు. నాకు తెలిసినా ఒళ్ళుమంట తగ్గలేదు.

ఓ ఆదివారం మధ్యాహ్నం ఆ గారు ఊడిపోయింది. జట్టుకి నాయకుడు విశాఖపట్నంలో ఓ సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. అతను బావని జట్టులోంచి తీసేశాడు. దాక్కున్నవాళ్ళు కనిపించేలా బావ ఏదో దొంగ ప్రోగ్రాం వాడుతున్నాడని ఆరోపణ. సాక్ష్యంగా ఓ ఫొటో పంపాడు. అదే చోటు తన కంప్యూటర్‌లో ఎలా ఉంటుందో తీసిన ఫొటో. మా నెట్టుకి అది ఒక్కసారి వస్తుందా? పైనుంచి కిందకి నెమ్మదిగా దిగింది. ముందు ఆకాశం వచ్చింది, తర్వాత కొండలు, ఆ తర్వాత పచ్చగా, నడుమెత్తు గడ్డి. నేలంతా గడ్డే. అందులో మనిషి కూర్చుంటే దేవుడికి కూడా కనబడడు. బావ తెరకి మొహం ఆనించినంత పని చేశాడు.

"ఇక్కడ గడ్డున్నాదేటే?" అన్నాడు నన్ను చూసి.

పాపం, ఆయనకి నిజంగా తెలీదు. ఆకులతో పాటు గడ్డీ పోయింది. పోయిందని చెప్పేవాళ్ళెవరు? వాళ్ళు గడ్డిలో దాక్కున్నామనుకున్నారు, ఈయన వాళ్ళు బయలులో కూర్చున్నారనుకున్నాడు. గట్టి చూపూ లేదు, దొంగతనమూ లేదు. గడ్డి గీసే దమ్ము లేని డబ్బా ఉంది, అంతే. నాకు నవ్వొచ్చింది గానీ బావ మొహం చూసి మింగేశాను. ఇందులో ఏముంది, మన కంప్యూటర్ ఇలాంటిదని ఒక్క ముక్క రాసి పడెయ్యమన్నాను. రాయనన్నాడు. వాళ్ళందరికీ తనది కొత్త కంప్యూటరని చెప్పుకున్నాడట.

"దొంగన్నా అననీ. గతిలేనోడినని నా నోటితో నాను సెప్పను," అన్నాడు.

ఆ మాటకి నాకెంత అసహ్యం వేసిందో ఇప్పటికీ చెప్పలేను. ఒక డబ్బా చెత్తదని ఒప్పుకోవడం కంటే దొంగ అనిపించుకోవడం నయమా? బావ మూడు రోజులు సరిగా తిండి తినలేదు. మిల్లులో బస్తాల దగ్గర నిలబడి ఎటో చూస్తున్నాడని ఎవరో వచ్చి చెప్పారు. చివరికి అక్కే లేచింది. ఆ డబ్బా అంటే ఇంట్లో అందరికంటే మండిపడేది అక్కే. బావ మిల్లుకెళ్ళిన సమయం చూసి, నా ఫోను అడిగి తీసుకుని, రేకు లేని పెట్టె, తాడుతో కట్టిన ఫ్యాను, బల్లి గుడ్లతో సహా ఫొటో తీసింది. దాన్ని ఆ నాయకుడికి పంపమని నన్ను కూర్చోబెట్టింది. బావకి తెలిస్తే ఊరుకోడని అన్నాను.

"నా మొగుడు పిచ్చోడంటే పడతాను. దొంగంటే ఎందుకు పడతానే? కానుక సంచి పట్టుకునే మనిషి. పంపు," అంది.

పంపాను. అతను దాన్ని జట్టందరికీ చూపించాడు కాబోలు, సాయంత్రానికి జవాబులు కుప్పలుగా వచ్చాయి. అన్నీ నవ్వులే. బల్లి గుడ్ల మీద పడి పడి నవ్వారు. నాయకుడు మాత్రం పెద్దమనిషి తరహాలో, నిజం తెలిసింది, అన్న మళ్ళీ రావచ్చు అన్నాడు. ఒక షరతు. ఇకమీదట అందరిలాగే గడ్డి పెట్టుకుని ఆడాలి, లేకపోతే న్యాయం కాదు. న్యాయమట! ఎంత న్యాయవంతులో చూశారా. మిల్లునుంచి వచ్చిన బావ అవన్నీ చదివాడు. బట్టలు మార్చుకుని, కూర్చుని, గడ్డి పెట్టాడు.

గడ్డి పెట్టగానే ఆ డబ్బా ప్రాణం పోయింది. అడుగు వేసి నీళ్ళు తాగొస్తే రెండో అడుగు కనిపించేది. ఎదుటివాడు వచ్చింది తెలిసేలోగా బావ చచ్చిపోయి ఉండేవాడు. ప్రతి ఆటలోనూ ముందు పోయేది ఆయనే. అన్నగారు పోయి అన్నా అయ్యాడు, కొన్నాళ్ళకి "గడ్డి బాబాయ్" అయ్యాడు. హెడ్‌ఫోనులోంచి ఆ పిలుపు వినబడినప్పుడల్లా నాకు దాన్ని పీకి నేలకేసి కొట్టాలనిపించేది. వాళ్ళ వెకిలి నవ్వులకంటే నన్ను చంపేసింది బావ నవ్వు. వాళ్ళతో కలిసి తనూ నవ్వేవాడు. కానీ గడ్డి మాత్రం తీయలేదు. చూసేవాడు లేడు, అడిగేవాడు లేడు, ఒక్క నొక్కు నొక్కితే పాత బావ తిరిగొచ్చేవాడు. నొక్కలేదు.

తర్వాత ఆ జట్టువాళ్ళు ఒక్కొక్కరే ఫోనుల్లో వచ్చిన కొత్త ఆటలకి వెళ్ళిపోయారు. నాకు ఉద్యోగం వచ్చి విజయనగరం వచ్చేశాను. ఆ దశకం చివర్లో ఓసారి అక్కని చూడ్డానికి వెళితే, బావ ఇంకా అక్కడే కూర్చుని ఉన్నాడు. తెరమీద గడ్డి, గడ్డిలో ఆయన ఒక్కడూ. జట్టు పేర్ల వరుస అంతా బూడిదరంగులో ఉంది. ఎవరూ లేరు. ఎవరూ లేనప్పుడైనా ఆ పాడు గడ్డి తీసి, హాయిగా నాలుగడుగులు నడవొచ్చు కదా అని కసిరాను. తీస్తే దొంగంటారన్నాడు. నాకు తిక్క రేగింది. ఇప్పుడెవడు అంటాడు బావా, ఎవడున్నాడు అని అరిచాను.

బావ ఆ బూడిదరంగు పేర్లని పైనుంచి కిందకి ఓసారి చదువుకున్నాడు.

"అదేనే. అనడానికి ఒక్కడైనా ఉంటే బాగున్ను," అన్నాడు.

కాలమే అన్నీ తేలుస్తుందని మా నాన్న ఎప్పుడూ చెప్పేవారు. నాకు కాలం మీద అంత గౌరవం లేదు. అది ఏదీ తేల్చదు. తిట్టినవాళ్ళని తీసుకుపోతుంది, తిట్టు మాత్రం మనకి వదిలేస్తుంది.