ఎర్ర కండె

నిన్న కోడుమూరులో చెల్లెలింటికి పోయి, బస్సులో నిలబడే కర్నూలు చేరుకున్నాను. చొక్కా విప్పుతుంటే జేబులోంచి నూలు చుట్టిన ఎర్ర కండె ఒకటి కింద పడింది. వంగి తీయడానికి నడుము ఒప్పుకోలేదు. మంచం మీద కూలబడి దాన్నే చూస్తూ ఉండిపోయాను.

చెల్లెలిది మగ్గం ఇల్లు. కొన్నేళ్ల కిందటి సంగతి, మేనకోడలికి రెండేళ్లు దాటినా మాట రాలేదు. వస అరగదీసి నాకించారు, చిలక కొరికిన జామకాయ తినిపించారు. నాకు చిన్నప్పుడు వస ఎక్కువైందనీ, అందులో సగం ఈ పిల్లకు పోయాల్సిందనీ చెల్లెలి అత్త ఎత్తిపొడుపు. పేరు పెట్టి పిలిస్తే పిల్ల తిరిగి చూసేది కాదు. మగ్గం చప్పుడుకు మొద్దుబారిన చెవులన్నారు. పొద్దస్తమానం కండెలను రంగుల వారీగా బారులు తీర్చేది. ఒక్కటి జరిపితే ఇల్లు ఎగిరిపోయేలా ఏడ్చేది. ఇంకో ఇంట్లోనైతే దిగులుపడేవాళ్లేమో. నేతవాళ్లింట్లో అది గర్వమైంది. "చూడప్పా, రంగు తప్పనీదు. మా వంశం యాడికి పోతాది!" అని ఆ అత్త వీధంతా చాటేది. నేనూ తక్కువ తినలేదు. పిల్ల పేర్చిన వరసను చూసే చెల్లెలి మొగుడు చీర అంచు నేస్తాడనీ, ఆ చీర కట్టిన పెళ్లికూతురికి అత్తపోరే ఉండదనీ కర్నూలు దాకా ప్రచారం చేశాను.

చెల్లెలు మాత్రం నవ్వలేదు. "అందరూ దాని పనితనం చెప్పుకుంటాండారు. అది నా మొకమే చూడదన్నా. నేనెవరో దానికి తెలుసో లేదో" అంది. ఎన్నాళ్లుగానో నిద్రలేని కళ్లు. మరుసటి వారమే అత్తను వెంటబెట్టుకుని పిల్లను కర్నూలు ఆసుపత్రికి తెచ్చింది. మెట్ల దగ్గర ఆగి, "ఆడ నీ కతలొద్దు. ఉండేది ఉన్నట్టు చెప్పు" అని నన్ను హెచ్చరించింది.

డాక్టరమ్మ పిల్లను చాలాసేపు ఆడనిచ్చి చూసింది. అత్త కండెల ముచ్చట గొప్పగా చెప్పింది.

"ఒక్క కండెనైనా తెచ్చి మీకు చూపించిందామ్మా? అదో అని దేనివైపైనా వేలు చూపించిందా?"

అత్త నా వైపు తిరిగింది. నా కతల సంచి ఖాళీ.

"లేదమ్మా" అంది చెల్లెలు.

చెవులు బాగానే ఉన్నాయని పరీక్షలో తేలింది. ఇంకా రెండుసార్లు చూశాక ఆటిజం అన్నారు. పెంపకంలో తప్పు కాదనీ, పిల్ల లోకాన్ని చూసే తీరే వేరనీ, నేర్పిస్తే నేర్చుకుంటుందనీ, ఎంత, ఎప్పటికి అన్నది ఇప్పుడే చెప్పలేమనీ డాక్టరమ్మ వివరించింది.

"పేరు పెడితే పిల్లకు మచ్చ పడతాది కదమ్మా" అని అత్త గునిసింది.

"పేరు లేకుండానే ఇన్నాళ్లు ఏడిస్తిమి కదత్తా. ఇంగ పేరు తెలిసే పెంచుకుందాం" అంది చెల్లెలు.

అప్పటి నుంచి వారం వారం అదే బస్సు, అదే దుమ్ము, అవే ఆటలు మళ్లీ మళ్లీ. పిల్లకు నాలుగైదు మాటలొచ్చాయి. చెల్లెలికి జుట్టు నెరిసింది.

ఎలాగో వంగి కండె తీసి చేతిలో పెట్టుకుని చెల్లెలికి ఫోన్ చేశాను. "బారులో ఎర్రది తగ్గిందేమో చూడు. పిల్ల ఏడుస్తాందా?"

మగ్గం చప్పుడు వినిపిస్తుండగా చెల్లెలు పోయి బారు చూసి వచ్చింది. "నడిమధ్యన ఖాళీ ఉండాదన్నా. దాని పక్కనే పిల్ల నిమ్మళంగా కూర్చోనుండాది. నీ జేబులో అదే పెట్టినట్టుండాది."

కండెల బారు నుంచి నా జేబుకు మూరెడు దూరం. ఆ మూరెడుకు ఇన్నేళ్లు పట్టిందని ఎవరికి చెప్పినా, ఇదీ నా కతే అనుకుంటారు.