తుపాకుల మస్తానమ్మ సాక్ష్యం

ప్రొద్దుటూరు బజారులో తుపాకులు బాగుచేసే అంగడి ఒకటే ఉండేది. బోర్డు మీద దావూద్ అని పేరు రాసుండేది. దావూద్‌కు తుపాకి ఏ పక్కనుంచి పేలుతుందో తెలుసు, అంతకుమించి తెలియదు. పనంతా పెండ్లాం మస్తానమ్మది. ఆమె నాయన అల్లాబక్ష్ జమ్మలమడుగులో పేరుమోసిన పనిమంతుడు. మగపిల్లలు లేకపోయేసరికి ఆకురాయి కూతురి చేతికే ఇచ్చినాడు. బడికి మాత్రం పంపలేదు. అక్షరం ముక్క రాకున్నా, రెండు వీధుల అవతల తుపాకి పేలితే ఆ చప్పుడు విని మందు ఎంత పోసినారో చెప్పేది.

దావూద్ ఎనిమిది దాకా చదివినాడు. ఆ చదువు వృథా పోకూడదని పొద్దస్తమానం అంగట్లో కూర్చుని అద్దెకు తెచ్చిన డిటెక్టివ్ పుస్తకాలు చదివేవాడు. అదీ గట్టిగా. మస్తానమ్మ గొట్టాలు తోముతా వినేది, విని ఊరకుండేది కాదు.

"ఆరు గుండ్ల పిస్తోలుతో తొమ్మిది సార్లు కాల్చినాడా? మిగతా మూడు వాళ్ళ నాయన కాల్చినాడా?"

"కథ మే అది. కథలో అట్లే ఉంటాది."

"కథైతే మాత్రం? వానలో తడిసిన నాటుతుపాకి టక్కున పేలిందంట. పొగ కూడా రాలేదంట. నాటుతుపాకి పేలిస్తే ఎదురుగా ఉన్న ఎనుము గూడా కనపడదు. ఆ రాసినోనికి తుపాకి చూపించినోడే లేడా?"

"అంత తెలిసినదానివి, నువ్వే చెప్పరాదూ."

"చెప్తా, రాయి."

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. అట్లా మొదలయినాయి మద్రాసుకు ఉత్తరాలు. ఆమె చెప్పేది, దావూద్ తిట్లు తీసేసి మిగతాది రాసేవాడు. మూడో ఉత్తరానికి ఆ రచయిత దగ్గరనుంచి జవాబు వచ్చింది. నీలం రంగు మందపాటి కాగితం మీద, మర్యాదగా. మీలాంటివారు దొరకడం నా అదృష్టమని, ఇంకా చెప్పమని. అట్లాంటివి మొత్తం నాలుగు వచ్చినాయి. దావూద్ వాటిని చుట్టుపక్కల అంగళ్ళన్నిట్లో చదివి వినిపించి, ట్రంకుపెట్టెలో పెట్టుకున్నాడు. మస్తానమ్మ చెవిన పడినాయి గానీ చేతికి రాలేదు.

ఆ తర్వాత వచ్చిన ఎర్రట్ట పుస్తకంలో తుపాకుల విషయం ఒక్కటంటే ఒక్కటి తప్పు లేదు. అందులో ఒక రైతు మీద హత్యానేరం పడుతుంది. హత్య జరిగిన రోజు అతని తుపాకి రిపేరు అంగట్లో మర విప్పి పడుందని అంగడివాడు సాక్ష్యం చెప్తాడు. రైతు బయటపడతాడు. మర అంటే గొట్టం వెనక బిగించే చిటికెనవేలి గోరంత ఇనుపముక్క. దాని మీద రాగి టోపీ పెడితే, సుత్తి దెబ్బకు పుట్టిన నిప్పు దాని సన్న బెజ్జంలోనుంచే మందుకు అంటుకుంటుంది. నాటుతుపాకులకు ఎప్పుడూ చెడిపోయేది అదే. "మర లేని తుపాకి పొయ్యి కాడ ఊదుగొట్టం" అని మస్తానమ్మ ఉత్తరంలో రాయించిన మాట పుస్తకంలో ఉన్నదున్నట్టు పడింది. ఆమె పేరు మాత్రం ఎక్కడా లేదు. పుస్తకంలో అంగడివాడు మీసాలున్న మొగోడు.

"మీసాలు కూడా నన్నే పెట్టుకోమంటాడేమో," అన్నది మస్తానమ్మ. లోపల సంతోషమే. ఊరంతా ఆ పుస్తకం అద్దెకు తెచ్చుకుని చదివింది.

రెండేండ్లకు, ఆంధ్రప్రదేశ్ వచ్చిన మరుసటేడు, ఒక ఆదివారం ఆదినారాయణ గోనెపట్టాలో తుపాకి చుట్టుకుని బస్సు దిగినాడు. లింగాల దగ్గర పల్లె అతనిది. చెనిక్కాయ చేనును పందులు తవ్వి పోస్తాంటే లైసెన్సు తీసుకున్న తుపాకి.

"అక్కా, టోపీ పేలుతాంది గానీ మందు అంటుకోవడంల్యా."

"బెజ్జం పూడిపోయి, మర తినిపోయింది. కొత్తది చేయాల. బుధవారం రాపో."

"చీటీ?"

"చీటీ రాసే మహానుభావుడు జమ్మలమడుగులో పెండ్లి భోజనాలకు పోయినాడు. నేను తుపాకి ఎత్తుకుని పారిపోతానా ఏంది?"

అతను నవ్వుకుంటా పోయినాడు. అంగట్లోకి వచ్చిన ప్రతి తుపాకినీ పుస్తకంలో రాసుకోవాలని సర్కారు నియమం. దావూద్ వచ్చినాక రాయిద్దాంలే అనుకున్నది. అంతకుముందు పదిసార్లు అట్లే చేసింది.

సోమవారం సాయంత్రం పులివెందుల దారిలో ఒక పెద్దరైతును ఎవరో కాల్చి చంపినారు. ఆ రైతుకూ ఆదినారాయణకూ చేనిగట్టు తగాదా ఉంది. బుధవారం ఆదినారాయణ వచ్చి, కొత్త మర బిగించిన తుపాకి తీసుకుపోయినాడు. దావూద్ ఇంకా రానేలేదు. గురువారం పోలీసులు ఆదినారాయణను పట్టుకుపోయినారు. సోమవారం ఆ తుపాకితోనే కాల్చినాడని, మేము కండ్లారా చూసినామని చనిపోయినాయన మనుషులు ఇద్దరు చెప్పినారు. పోలీసుల చేతిలో ఉన్న తుపాకి బాగా పేలే తుపాకి.

సోమవారం అది పేలే తుపాకి కాదని తెలిసింది మస్తానమ్మ ఒక్కదానికే.

"నువ్వు కోర్టుకెక్కితే, చీటీ ఎందుకు రాయలేదని అంగడి లైసెన్సు పీకేస్తారు," అన్నాడు దావూద్.

"పీకనీ. నా చేతిలో ఉండిన తుపాకి వాడెట్లా కాల్చినాడంట? గాలితో కాల్చినాడా?"

కోర్టులో బోనెక్కింది. అక్కడ ఉన్నది ఆమె ఒక్కతే ఆడది. ఆదినారాయణ తరఫు ప్లీడరు అడిగినదానికల్లా తడబడకుండా చెప్పింది. మర ఎట్లా ఉంటుందో, ఎందుకు పూడుతుందో, సోమవారం పొద్దు మునిగేదాకా తానే కొత్తది ఎట్లా రాచిందో చెప్పింది. జడ్జి కలం ఆపి వింటాండాడు. చివర్లో ఆమె అన్నది:

"మర లేని తుపాకి పొయ్యి కాడ ఊదుగొట్టం సామీ. దాంతో మనిషిని ఎట్లా చంపుతారు?"

అవతలి ప్లీడరు తీరుబడిగా లేచినాడు. "అమ్మా, తుపాకి మీ దగ్గరికి వచ్చినట్టు కాగితం ఉందా?"

"కాగితం లేదు. తుపాకి ఉన్నింది."

"ఎందుకు రాయలేదు?"

"నాకు రాయను రాదు."

"చదవడం?"

"అదీ రాదు."

"మీ ఆయన పుస్తకాలు చదివి వినిపిస్తారట కదా?"

"వినిపిస్తాడు. ఇంకేం పని ఆయప్పకు?"

జనం నవ్వినారు. ప్లీడరు కోటు జేబులోనుంచి ఎర్రట్ట పుస్తకం తీసినాడు. పేజీ ముందే మడిచి పెట్టుకున్నట్టుండాడు. రైతు, హత్య, అంగట్లో విప్పిపెట్టిన మర, ఒక్కొక్కటే చదివినాడు. కడాకు వచ్చి, ఆమె వైపు తిరిగి, ఒక్కొక్క మాట నొక్కి పలికినాడు. "మర లేని తుపాకి పొయ్యి కాడ ఊదుగొట్టం."

కోర్టు గొల్లుమన్నది. జడ్జి కూడా రుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నాడు.

"అది నా మాటే సామీ! నేను చెప్తేనే ఆయన రాసినాడు!"

"మద్రాసులో అంత పేరున్న నవలాకారుడికి, చదువురాని మీరు చెప్పారు?"

"చెప్పినా! ఉత్తరాలుండాయి ఇంట్లో!"

"తెండి మరి," అన్నాడు ప్లీడరు, కూర్చుంటా.

తెస్తానని చెప్పి ఆమె బోను దిగింది. ఆదినారాయణ చేతులు కట్టుకుని ఆమె వైపే చూస్తాండాడు.

ఇంటికొచ్చి దావూద్ ట్రంకుపెట్టె బోర్లించినాడు. చొక్కాలు, పెండ్లి కార్డులు, అద్దెకు తెచ్చి తిరిగివ్వని పుస్తకాలు రెండు కిందపడినాయి. ఉత్తరాలు లేవు.

"ఏమే, నా ఉత్తరాలు యాడపెట్టినావు?"

"ఏవి? ఆ నీలం కాగితాలా?"

"అవే."

మస్తానమ్మకు అప్పుడు తట్టింది. పోయిన వానాకాలం కౌజుపిట్టల వేటకని నలుగురు వచ్చి నిలబడినారు. మందుకూ గుండ్లకూ మధ్యన దట్టించే కాగితం బిళ్ళలు అయిపోయినాయి. పెట్టెలో చూస్తే మంచి మందపాటి కాగితం కనపడింది. గుండ్రటి ఉలితో కొట్టి బిళ్ళలు చేసింది. నాలుగు ఉత్తరాలకు శానా బిళ్ళలొచ్చినాయి. అన్నీ వంక గట్టున కౌజుపిట్టల మీద పేలిపోయినాయి. అక్షరాలుండాయని చూసింది. అచ్చు కాగితానికీ ఉంటాయి అక్షరాలు, ఉత్తరానికీ ఉంటాయి. ఆమెకు రెండూ ఒకటే.

దావూద్ తిట్టలేదు. తిట్టింటే బాగుండేది.

మద్రాసుకు కార్డు రాసినారు, ఆ రచయిత ఒక్క ముక్క రాసిస్తే చాలు, మనిషి ప్రాణం ఉందని. తీర్పు వారం వాయిదా పడింది. ఆరోరోజు పుస్తకాలు అచ్చేసేవాళ్ళ దగ్గరనుంచి జవాబొచ్చింది. ఆ పేరుతో మనిషంటూ ఎవరూ లేరంట. నలుగురైదుగురు రాసేది, అందరికీ ఒకటే పేరు. ఎర్రట్ట పుస్తకం రాసినాయన ఉద్యోగం వచ్చి ఉత్తరాదికి పోయినాడు. చిరునామా ఇచ్చిపోలేదు.

"లేని మనిషికా నేను ఇన్నాళ్ళూ తప్పులు దిద్దింది?" అన్నది మస్తానమ్మ.

ఆ జవాబు కార్డే తీసుకుని ఆదినారాయణ ప్లీడరు కాడికి పరిగెత్తినారు. ఆయన రెండువైపులా తిప్పి చూసి, "దీన్లో నీ పేరు యాడుందమ్మా? బజారోళ్ళు ఉత్తరాలు విన్నామంటే కోర్టులో చెల్లదు," అని తిరిగి చేతిలో పెట్టినాడు.

ఆదినారాయణకు యావజ్జీవం పడింది. తీర్పులో మస్తానమ్మను గురించి రెండు వాక్యాలున్నాయని ప్లీడరు చెప్పినాడు. సాక్షి అబద్ధీకురాలని అనలేదంట. చవకబారు నవలల ప్రభావంలో ఉన్న అమాయకురాలని అన్నారంట. అబద్ధీకురాలన్నా ఓర్చుకుండేది.

పదిరోజులకు ఆదినారాయణ పెండ్లాం పెంచలమ్మ అంగడికి వచ్చింది. మస్తానమ్మ లేచి నిలబడింది. తిట్టడానికే వచ్చిందనుకున్నది. తిట్టించుకోడానికి సిద్ధంగా ఉన్నది.

"కూర్చో పెంచలమ్మా. మజ్జిగ తాగుతావా?"

"వద్దక్కా. మా ఊర్లో అందరూ అంటాండారు, ఆ పుస్తకంలో ఉండేది మా కథేనని. నిజమేనా?"

"మీ కథ కాదు. మీకంటే ముందుదే."

"అందులో ఆయప్పను వదిలిపెట్టినారంట గదా?"

మస్తానమ్మ తల ఊపింది.

"ఎవరు చెప్తే వదిలినారు?"

"తుపాకులు బాగుచేసే ఆయన చెప్తే."

"నువ్వు చెప్పినట్టే చెప్పినాడా?"

"నేను చెప్పినట్టే."

పెంచలమ్మ దావూద్ వైపు తిరిగింది. "అది చదువన్నా. వదిలిపెట్టే కాడ. నాకు చదువు రాదు, ఇని పోతా."

"వద్దులేమ్మా," అన్నాడు దావూద్.

"ఊరకే ఇంటానన్నా. ఏమడిగినా నిన్ను?"

దావూద్ పెండ్లాం ముఖం చూసినాడు. ఎర్రట్ట పుస్తకం తీసి పేజీ వెతికినాడు. సాక్షి మాట పూర్తిగా నమ్ముతున్నానని జడ్జి లేచి నిలబడి అనడం, పోలీసు బేడీలు విప్పడం, రైతు పెండ్లాం కోర్టు మెట్ల మీద ఎదురు రావడం, అంతా గొంతు తగ్గించి చదివినాడు.

"ఇంకోసారి చదువన్నా. ఆ జడ్జి నమ్మిన కాడినుంచి."

పులివెందుల బస్సు మూడింటికి. పెంచలమ్మ లేచేలోగా ఆ పేజీ దావూద్ నాలుగుసార్లు చదివినాడు.