గాజు నోటికి మూడు పూటలు

ఇంక్యుబేటర్ తలుపు తీయగానే పులిసిన దోసెపిండి వాసన ముఖానికి కొడుతుంది. కొత్త విద్యార్థులు ముక్కు మూసుకుంటారు. నాకు మాత్రం మునిరత్నం గారు గుర్తొస్తారు. తిరుపతిలో నేను పిహెచ్‌డి చేసిన ప్రయోగశాలలో ఆయన టెక్నీషియన్. రోజూ చంద్రగిరి నుంచి బస్సులో సంగటి క్యారియర్‌తో వచ్చేవారు.

పంటి మీద పెరిగే బాక్టీరియాను మేము గాజు గొట్టంలో పెంచేవాళ్లం. పీకేసిన పళ్ల ముక్కలను లోపల అమర్చి, లాలాజలం లాంటి ద్రవాన్ని చుక్కచుక్కగా వదిలితే వాటి మీద పాచి పట్టాలి. దాన్ని గాజు నోరు అనేవాళ్లం. నా గాజు నోట్లో పాచి బాగానే పట్టేది, మూడో రోజుకల్లా పెచ్చులుగా ఊడి గొట్టానికి అడ్డం పడేది. వరసగా మూడుసార్లు ఒకేలా పెరిగితేనే ఎవరైనా నమ్ముతారు. నాకు ఒక్కసారీ నిలవలేదు. వచ్చే సమీక్షలోగా చూపించకపోతే అంశం మార్చుకోమని మా గైడు తేల్చి చెప్పారు. రెండేళ్ల చాకిరీ బూడిదలో పోసిన పన్నీరయ్యేలా ఉంది.

బాక్టీరియాకు మేతగా ఇచ్చే చక్కెర పెంచాను, తగ్గించాను, పంపు మార్చాను. మునిరత్నం గారు గాజుసామాను కడుగుతూ అన్నీ చూసేవారు. అడగనిదే చెప్పే మనిషి కాదాయన. అడిగే మనిషిని నేనూ కాను, పెద్ద చదువు కదా! చివరికి ఒక మధ్యాహ్నం పొగరు దిగి, వరండాలో భోజనానికి కూర్చున్న ఆయన్ను సలహా అడిగాను.

"సక్కెర ఎంతసేపు ఇస్తా ఉండావు పాపా?"

రోజంతా అన్నాను. ఆయన ముద్ద చిదుముతూ ఆలోచించారు.

"పొద్దస్తమానం తినే నోరు యాడుండాది? మనం మూడు పూట్ల తింటాం. మిగతా పొద్దంతా నోరు ఊరికే ఉంటాది. దానికీ ఆకలి తెలియాల గదా."

నాకు సిగ్గేసింది. మర్నాటి నుంచి చక్కెర మూడు పూటలే ఇచ్చాను. ఆయన కాఫీ వేళకు, సంగటి వేళకు, సాయంత్రం బస్సుకు బయల్దేరే వేళకు. మూడో రోజు పాచి ఊడలేదు. వారానికి పలుచగా, గట్టిగా, నిజం పంటి మీద ఉన్నట్టే నిలిచింది. మళ్లీ చేశాను, మళ్లీ నిలిచింది. మూడోసారీ అంతే.

సమీక్షలో ఆ మూడు ఫలితాలూ పక్కపక్కన పెట్టినప్పుడు, ఈ పూటల ఆలోచన ఎవరిదని బయటి నుంచి వచ్చిన నిపుణుడు అడిగారు. నేనే వెళ్లి మునిరత్నం గారిని పిలుచుకొచ్చాను. తడి చేతులు తుడుచుకుంటూ వచ్చారాయన.

"నాదేముండాది సార్, పాప మరువకుండా పెట్టినాది."

గదిలో అందరూ చప్పట్లు కొట్టారు. అంత సంతోషం నాకు పట్టా చేతికొచ్చిన రోజు కూడా కలగలేదు.

ఇప్పుడు నాకు సొంత ప్రయోగశాల ఉంది. పని మొండికేస్తే ముందు గాజుసామాను కడిగేవాళ్లను అడుగుతాను. ఒంటిగంటకు విద్యార్థి చక్కెర గొట్టం తెరుస్తాడు, ఆ తర్వాతే నేను క్యారియర్ తెరుస్తాను. గాజు నోటికి పెట్టకుండా ఇంతవరకు నేను ముద్ద ముట్టలేదు.