తేలిన మెదడు, మునిగిన మేస్టారు

ఒక మనిషికి ప్రాణం మీదికి వచ్చిన వేళ నేను నోరు మూసుకుని కూర్చుంటే పని అయిదు నిమిషాల్లో అయిపోయేది. నేను నోరు తెరిచాను. ఆ తర్వాత జరిగిన ప్రళయానికి పాడేరులో ఒక ఆసుపత్రి జనరల్ వార్డు మొత్తం సాక్షి. మీరూ వినండి. నవ్వితే నవ్వండి, నాకు అలవాటే.

అప్పుడు నాకు పాతికేళ్ళు. అరకు కొండల్లో ఒక ఆశ్రమ పాఠశాలలో సైన్సు మేస్టారుగా చేరాను. ఉద్యోగం కొత్త, జ్ఞానం ఇంకా ప్యాకింగ్ విప్పనిది. ఏప్రిల్లో ఒక రోజు మా బడి పక్క ఊళ్ళో కాఫీ రైతు బాలన్నకి జ్వరం, పగిలిపోయే తలనొప్పి. మెడ కొయ్యలా బిగిసిపోయింది. జీపులో పాడేరు తీసుకెళ్తుంటే, చదువుకున్నవాడు ఒకడు తోడుండాలి కదా అని నేనూ ఎక్కాను. అలా అనుకున్నది నేనే, ఎవరూ పిలవలేదు.

డాక్టరమ్మ పరీక్షించి, "మెదడు పొరలకి జబ్బు సోకిందేమో. నడుము దగ్గర వెన్నులోంచి కాస్త నీరు తీసి చూడాలి. ఆలస్యమైతే ప్రమాదం" అంది.

"నడుంలో సూదేత్తే కాళ్ళు పడిపోతాయమ్మా. నానొప్పను" అన్నాడు బాలన్న.

ఆవిడ నా వైపు తిరిగింది. "మేస్టారూ, మీరు చెబితే వింటాడేమో."

అడిగింది పాపం! మస్తిష్క మేరుద్రవం! మెదడు నుంచి వెన్ను దాకా ఉండే ఆ నీటి పాఠం బొమ్మ గీసి మరీ చెప్పినవాణ్ణి. పైగా వినేవాడి బతుకులోంచే పోలిక తీయాలని మాకు ట్రైనింగులో నేర్పారు. తీశాను.

"బాలన్నా, మన మెదడు పుర్రెలో నీళ్ళ మధ్య తేలుతూ ఉంటుంది. మీ తొట్టిలో కాఫీ పళ్ళు తేలవూ? అచ్చం అలాగే!"

మంచాల మీది తలలన్నీ నా వైపు తిరిగాయి. నా పోలిక గుండెల్లోకి దిగిందనుకున్నాను. దిగింది, కత్తిలా.

"తేలతాదా?" అన్నాడు బాలన్న, మెడ తిప్పలేక కళ్ళు మాత్రం నా వైపు తిప్పి. "నా బుర్ర?"

ఇక్కడ మీకొక మాట చెప్పాలి. కోసిన కాఫీ పళ్ళని తొక్క తీసేముందు నీళ్ళ తొట్టిలో పోస్తారు. గట్టి పండు మునుగుతుంది. తేలిందంటే డొల్ల. దాన్ని తీసి పక్కన పడేస్తారు. ఆ సంగతి వార్డులో అందరికీ తెలుసు, సెలైన్ స్టాండుకీ నాకూ తప్ప.

"నన్ను డొల్లంతన్నారు సూడొలే!" అన్నాడు పక్కనున్న భార్య చిన్నమ్మితో. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మేస్టారు బాగానే కనిపెట్టీసినారు" అన్నాడు ఎదుటి మంచం మీది ముసలాయన.

"అయ్యో, అందరిదీ తేలుతుంది బాలన్నా! నాదీ తేలుతుంది. డాక్టరమ్మదీ తేలుతుంది!"

"ఓలమ్మో! డొల్ల బుర్ర డాట్రమ్మకి నా నడుం అప్పసెప్తానేటి?"

"నన్నెందుకు లాగారు మేస్టారూ?" అంది డాక్టరమ్మ, పళ్ళ మధ్యనుంచి.

చిన్నమ్మికి వేరే బెంగ. "ఆ నీరు తోడీసినాక బుర్ర అడుక్కి అంటుకుపోదా బాబూ?"

"చెంచాడే తీస్తారమ్మా. మళ్ళీ ఊరుతుంది. మీ కొండ ఊట లేదూ? తోడినకొద్దీ ఊరదూ?"

"మా ఊటా? అదెండిపోయి నెల్లాళ్ళయింది. కొండ దిగి మోసుకొత్తన్నాం."

ఏప్రిల్ నెలలో ఊటతో పోలిక! నా తెలివికి నేనే దణ్ణం పెట్టుకోవాలి.

"ఒక పని సేద్దారి" అన్నాడు బాలన్న. "ముందు మేస్టారికి తియ్యండమ్మా. ఆయన లెగిసి నడిసినాడంటే నానూ తీయించుకుంతాను."

"పక్క మంచం ఖాళీయే మేస్టారూ" అంది డాక్టరమ్మ, ముఖంలో గీత కూడా కదలకుండా.

"నాకు... పరీక్ష డ్యూటీ ఉంది."

"ఆదివారమా?" అంది చిన్నమ్మి.

వార్డు గొల్లుమంది. బాలన్న కూడా నవ్వబోయాడు. ఆ కుదుపు మెడలోకి పాకింది. తల పట్టుకుని కేకపెట్టాడు. నవ్వులు ఆగిపోయాయి. చిన్నమ్మి అతని చెయ్యి పట్టుకుని ఏడవడం మొదలుపెట్టింది. మనసున్నవాడెవడైనా అప్పుడు ఊరుకుంటాడు.

"బాలన్నా, జీపులో కోడిగుడ్లు తీసుకెళ్ళేటప్పుడు..." అన్నాను.

"బేగి తీసీయండమ్మా!" అని అరిచాడు బాలన్న. "ఈయన ఇంకో ముక్క సెప్పకముందే తీసీయండి! సూదైతే ఒక్కసారే గుచ్చుతాది!"

తీసిన నీరు తేటగా లేదు, బియ్యం కడుగు నీళ్ళలా మసగ్గా ఉంది. దాన్ని వెలుతురులో చూసి, "ఇంకో పూట ఆగితే చెయ్యి దాటిపోయేది" అంది డాక్టరమ్మ. అందులో అరగంట మింగినవాణ్ణి నేను. నేల చూస్తూ నిలబడ్డాను.

మందులు పట్టాయి. మూడో వారంలో బాలన్న తన కాళ్ళమీదే నడిచి వచ్చి జీపెక్కాడు. ఎక్కి కూర్చుని, సాగనంపడానికి వెళ్ళిన నాతో, "మేస్టారూ, బళ్ళో కూడా ఇలాగే సెప్తారేటి?" అన్నాడు.

"ఇలాగే" అన్నాను, కాస్త గర్వంగానే.

"హమ్మయ్య! సైన్సులో వందకి తొమ్మిది మార్కులొచ్చినాయని, మీ బళ్ళో సదివే మా గుంటని ఊరికే తిట్టీసినాను."

జీపు కదిలింది. ఆ దుమ్ములో నిలబడి, వీడ్కోలుకి ఎత్తిన కుడిచెయ్యి దించకుండా ప్రమాణం చేశాను: ఈ జన్మలో ఏ మనిషి అవయవాన్నీ దేనితోనూ పోల్చను. తప్పనిసరై పోల్చవలసి వస్తే, ఆ మనిషి ఏం పండిస్తాడో ముందు కనుక్కుంటాను.