కోర్టు వదిలేసినా వదలని హనుమేశన్న

మా రాయచూరులో హనుమేశన్నది ఒకటే అలవాటు. తిట్లు తినడానికి తనే బయల్దేరి వెళ్తాడు. అప్పులవాళ్ళు ఇంటికొచ్చి తిట్టేదాకా ఆగే ఓపిక ఆయనకు లేదు. పొద్దున్నే తలకు పోసుకుని, విభూతి పెట్టుకుని, ఉతికిన చొక్కా తొడుక్కుని వాళ్ళ గుమ్మం ముందు నిలబడతాడు.

"వచ్చిన సావుకార్. తిట్టుండ్రి."

నిజంగా అప్పున్న మనిషైతే నేను నోరు మూసుకుని ఊరుకునేవాణ్ణి. ఆయనకు అప్పు లేదు మహాప్రభో! శామియానాలు, కుర్చీలు, వంటపాత్రలు కిరాయికిచ్చే వ్యాపారం ఆయనది. లాక్‌డౌన్‌లో పెళ్ళిళ్ళు ఆగిపోయి అది మట్టికొట్టుకుపోతే దివాలా పిటిషన్ వేసిన వకీలును నేనే. ఉన్న డేరాలూ గిన్నెలూ కోర్టు వేలం వేయించి అందరికీ పంచాక, మిగతా అప్పుల నుంచి విడుదల చేస్తూ ఉత్తర్వు తెచ్చిందీ నేనే. చెప్పులరిగాయి. ఆ కాగితం ఆయన చేతిలో పెట్టి, "ఇంక నిన్నెవరూ అడగడానికి లేదు. పోయి హాయిగా పడుకో" అని దూద్‌పేడా ఇచ్చాను.

తినలేదు. "జామీన్ సంగతేంది వకీల్ సాబ్?" అన్నాడు.

"విడుదల నీకే. జామీను సంతకం పెట్టినవాళ్ళకు కాదు. వాళ్ళు కట్టాల్సిందే."

"తీసుకున్నోడు ఇంట్ల పంటడు, సంతకం చేసినోళ్ళు కట్టాల్నా? గిదేం కానూన్?"

కానూన్ నేను రాసినట్టే నావైపు ఉరిమి చూసి వెళ్ళిపోయాడు. మరుసటి వారం నుంచే ఈ రోగం పట్టుకుంది.

మొదట బలైనవాడు బట్టల కొట్టు మహదేవప్ప. కొట్టు తెరిచి, దేవుడికి ఊదుబత్తి వెలిగించి, మొదటి బేరం కోసం ఎదురుచూసే వేళకు సరిగ్గా దివాలా తీసిన మనిషి మెట్ల మీద ప్రత్యక్షం. మహదేవప్ప తిట్లు కన్నడంలో మొదలుపెట్టి, ఉర్దూలో పుంజుకుని, తెలుగులో ముగించేవాడు. అంతా విని హనుమేశన్న, "ఇయ్యాల జోర్ లేదు సావుకార్, జరమొచ్చిందా ఏంది?" అని పరామర్శించేవాడు. ఏడాది తిరిగేసరికి మహదేవప్ప చేతులెత్తేశాడు. "అప్పా, నీ జామీన్ కాగితం నువ్వే తీస్కపో. బోణీ టైముల నా అంగడికి మాత్రం రాకు!" అని మొహాన విసిరికొట్టాడు.

ఈ కథ చెప్పుకుని బార్ అసోసియేషన్‌లో అందరూ పొట్ట పట్టుకుని నవ్వారు. "నీ క్లయింటుకు విడుదల ఒంటికి పడలేదటగా?" అని నన్ను ఆటపట్టించారు. నాకు తల కొట్టేసినట్టయింది.

నవ్వుతామే గానీ, ఆయన బతుకు నవ్వేలా లేదు. ఒకప్పుడు ఊరందరికీ కుర్చీలు వేసిన మనిషి, ఇప్పుడు వేరేవాళ్ళ శామియానాలకు గుంజలు పాతే కూలికి పోతున్నాడు. బ్యాంకులో ఆయన పేరు చెబితే గుమస్తాలు తలెత్తరు. చుట్టాలు పిలుపులు మానేశారు. విడుదలట విడుదల! ఆ కాగితం పెడితే పావుకిలో ఉల్లిగడ్డ కూడా రాదు.

ఇంత దరిద్రంలోనూ బస్సు కిరాయి పెట్టుకుని కవితాళకు పోయేవాడు. అక్కడ అప్పిచ్చిన ఇంకో సావుకారు, వడ్ల వ్యాపారి పున్నయ్య ఉన్నాడు. గోదావరి జిల్లా నుంచి ఇక్కడి కాలువ కింద సాగుకు వచ్చి స్థిరపడ్డ కుటుంబం. గొంతు విప్పితే మూడు వీధులకు వినపడుతుంది. "ఏవయ్యా, సిగ్గూ శరం ఉందా? కోర్టు నిన్నొదిలేసినా నువ్వు నన్నొదలవేంటయ్యా!" అని మొదలుపెడితే మధ్యాహ్నం అయ్యేది. హనుమేశన్న చేతులు కట్టుకుని వినేవాడు. మధ్యలో మంచినీళ్ళు అందించేవాడు కూడా.

ఒకరోజు సుమంగళ ఫోన్ చేసింది. "వకీల్ సాబ్, పున్నయ్య సావుకారి మా ఇంటి ముందర నిలబడ్డడు. ఇల్లు ఖాళీ చెయ్యమంటున్నడు. జెల్దీ రాండ్రి."

ఇద్దరు సావుకార్ల దగ్గరా హనుమేశన్నకు జామీను పడ్డది ఈవిడే. బట్టలు కుట్టుకుని బతికే మనిషి. భర్త పోయిననాడు పైసా తీసుకోకుండా శామియానా వేశాడని, తనకున్న ఆ రెండు గదుల ఇంటి కాగితాలు పెట్టి సంతకం చేసింది.

నేను పోయేసరికి ఆమె కుట్టుమిషను వాకిట్లోకి వచ్చేసింది. గిన్నెలు మూటకట్టి పెట్టుకుంది. గుమ్మానికి అడ్డంగా హనుమేశన్న నిలబడి ఉన్నాడు.

"ఆమెను ఏమనకుండ్రి. అనేదేమున్నా నన్నే అనుండ్రి."

పున్నయ్య నా వైపు తిరిగాడు. గొంతు బొంగురుపోయింది. "చూడండి ప్లీడరుగారూ! ఈవిడ దగ్గరికి బయల్దేరదామనుకున్నప్పుడల్లా ఈ మహానుభావుడు బస్సు దిగి తయారు. ఈయన్ని తిట్టేసరికే ఓపికంతా అయిపోయి, ఇంటికెళ్ళి పడుకునేవాణ్ణి. ఇవాళ తెల్లారకముందే కారెక్కి వచ్చేస్తే, ఇక్కడా ఈయనే!"

అప్పుడు వెలిగింది నా బుర్రకు. ఇన్నాళ్ళూ ఆయన తిన్నవన్నీ ఈ ఇంటికి రావలసిన తిట్లు.

"సావుకార్, ఆమె సంతకం చింపెయ్యిండ్రి. బాకీ నా పేరున కొత్తగ రాస్కోండ్రి. కూలి చేసి కడ్త" అన్నాడు హనుమేశన్న.

"ఒరే నాయనా, ఆగు!" అని అరిచాను. "రెండేళ్ళు తిరిగి తెచ్చానయ్యా ఆ ఉత్తర్వు!"

నన్నెవరు పట్టించుకున్నారు? పున్నయ్య మూటల వైపు చూశాడు, కుట్టుమిషను వైపు చూశాడు. నుదురు తుడుచుకున్నాడు.

"ఇల్లు వేలానికి పెడితే కోర్టు చుట్టూ పదేళ్ళు తిరగాలి. ఈయనైతే పిలవకుండానే వస్తాడు. రాయండి ప్లీడరుగారూ."

ఏడుపొక్కటే తక్కువగా నేనే రాశాను. పున్నయ్య జామీను పత్రం చింపి సుమంగళ చేతిలో పెట్టాడు. ఆమె ఆ ముక్కలు కొంగున ముడేసుకుంది. తర్వాత గిన్నెల మూట విప్పి పొయ్యి వెలిగించింది.

"లోపలికి రా అన్నా. అందరు కూసోండ్రి."

మొహం చెల్లక ఇన్నాళ్ళూ ఆ గడప దాటని మనిషి, తల వంచుకుని లోపలికి వచ్చాడు. వేడి జొన్నరొట్టె, పల్లీల పొడి. రొట్టె తనకు అరగదని గొణుగుతూనే పున్నయ్య మూడు లాగించాడు. నేను మాత్రం రొట్టె పక్కన పెట్టి అడిగాను.

"హనుమేశన్నా, నీ నెత్తిమీద మళ్ళీ అప్పెక్కింది. తెలుస్తోందా అసలు?"

"ఎర్కనే వకీల్ సాబ్. నాదే కద" అన్నాడు. పళ్ళెం ముందుకు జరిపి, "చెల్లె, ఇంకో రొట్టె ఎయ్యి" అన్నాడు.